సీతాలు గుమ్మం మీద పనసకాయ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే సొంతంగా ఒక కోర్టు పెట్టుకోగలిగినంత పెద్ద అడవిలో, భద్రయ్య అనే ఎలుగుబంటీ సీతాలు అనే కుందేలూ పక్కపక్కనే కాపురం ఉండేవాళ్ళు.

చిన్న అడవుల్లో కోర్టులుండవు. అక్కడ తగాదా వస్తే అరుచుకుంటారు, అలిసిపోతారు, ఇంటికెళ్ళి పడుకుంటారు. నాగరికత లేని చోట్లు, ఏం చేస్తాం!

భద్రయ్య పెరట్లో ఒక పనసచెట్టు ఉంది. దాని కొమ్మ ఒకటి భద్రయ్యని అడక్కుండా, సీతాలుకి చెప్పకుండా సరిహద్దు దాటి వెళ్ళి, సరిగ్గా సీతాలు బొరియ గుమ్మం మీదికి వాలింది. ఎండాకాలం ఆ నీడలో సీతాలు పిల్లలు నలుగురూ గెంతులేసేవాళ్ళు. చెట్టు నాది కాబట్టి నీడా నాదేనని భద్రయ్య ఏనాడూ అనలేదు. ఆయనకి అంత తెలివి లేదు.

ఆ ఏడు మాఘమాసంలో ఆ కొమ్మకి ఒక పిందె పడింది.

సీతాలు పైకి చూసింది. కుందేలు జాతికి భయం తల్లిపాలతో వస్తుంది. ఇవాళ పిడికెడుంది, జ్యేష్ఠానికి బానంత అవుతుంది, తొడిమ ఊడి నా పిల్లల నెత్తిన పడితే? ఆ ఆలోచనతో దానికి తిన్న గడ్డి ఒంటబట్టలేదు. చెవులు రెండూ నిక్కబొడుచుకుని భద్రయ్య దగ్గరికి పరిగెత్తింది.

"అన్నయ్యా, మా గుమ్మం మీద కాయ పెరుగుతోంది. లేతగా ఉండగానే కోసేసుకోరాదూ? పిల్లలతో ఉన్నదాన్ని, భయమేస్తోంది."

"దానికేం భాగ్యం చెల్లెమ్మా!" అన్నాడు భద్రయ్య నిద్రకళ్ళతోనే. "రేపు పొద్దున్నే కోసేస్తాను. ఆవపెట్టి పనసపొట్టు కూర వండిస్తాను. నీకూ ఓ దొప్పెడు పంపిస్తాలే."

ఈ కథ ఇక్కడితో అయిపోవలసింది. అయిపోలేదు, ఎందుకంటే ఆ కొమ్మ మీద ఒక వకీలు కాపురం ఉంటున్నాడు.

ఆయన పేరు రంగనాయకులు. ఊసరవెల్లి. చాలాకాలంగా ఆ కొమ్మే ఆయన ఇల్లు, ఆఫీసు కూడా. పనస ముగ్గితే ఈగలు వస్తాయి. ఈగలు వస్తే ఊసరవెల్లి లేవక్కర్లేదు, కదలక్కర్లేదు, కూర్చున్నచోటే నాలుక చాపితే సరిపోతుంది. పిందె పడిన రోజు నుంచీ ఆయన జ్యేష్ఠమాసం కోసమే బతుకుతున్నాడు. ఇప్పుడు ఈ పిచ్చివాళ్ళు దాన్ని కూర వండేస్తామంటున్నారు.

ఆ సాయంత్రమే ఆయన ఒళ్ళంతా నల్లగా చేసుకుని భద్రయ్య గుహకి వెళ్ళాడు.

"రేపు కాయ కోస్తున్నారటగా?"

"ఆ. సీతాలు అడిగింది."

"అయ్యయ్యో!" అని వకీలు ఒక కంటితో భద్రయ్యని జాలిగా చూశాడు, రెండో కంటితో వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకున్నాడు. "ఆవిడ అడిగిందని మీరు కోస్తే, ఆ గుమ్మం మీద గాలి కూడా ఆవిడదేనని ఒప్పుకున్నట్టే. ఇవాళ కాయ అంటుంది, రేపు కొమ్మ అంటుంది, ఎల్లుండి చెట్టంటుంది."

"సీతాలు అలాంటిది కాదయ్యా."

"అలాంటిది కాకపోతే పక్కింటి కాయ మీద కన్నెందుకండీ?"

భద్రయ్య ఆలోచనలో పడ్డాడు. ఎలుగుబంట్లకి ఆలోచించే అలవాటు లేదు. అందుకని ఎప్పుడైనా ఒక ఆలోచన పట్టుకుందంటే ఉడుంపట్టే.

అక్కణ్ణుంచి వకీలు మట్టిరంగులోకి మారి సీతాలు బొరియ ముందు దిగాడు.

"కాయ కోయడానికి భద్రయ్య మీ వాకిట్లోకి వస్తున్నాడటగా?"

"అవునండీ. పాపం, అడగ్గానే ఒప్పుకున్నాడు."

"అడగ్గానే ఒప్పుకున్నవాడిని నమ్మకూడదమ్మా. ఒకసారి మీ వాకిట్లో అడుగుపెట్టాడంటే దారి పడుతుంది. దారి పడితే హక్కు పుడుతుంది. ఇక రోజూ మీ వంటింట్లోంచే ఏటికి నీళ్ళకి వెళతాడు. ఆ శరీరానికి మీ బొరియ పనికొస్తుందా చెప్పండి?"

సీతాలు పిల్లల్ని వెనక్కి లాక్కుంది. "మరి కాయ?"

"కోర్టు చూసుకుంటుంది. దావా వేద్దాం. నాకు ఫీజు కూడా వద్దు. ఆ కొమ్మ మీద కాస్త చోటుంటే చాలు."

ఫీజు వద్దన్న వకీలుని చూసి భయపడాలని సీతాలుకి ఎవరూ చెప్పలేదు. దాని భయాలన్నిటిలోనూ ఆ ఒక్కటే తక్కువైంది.

మర్నాడు పొద్దున భద్రయ్య రాలేదు. మధ్యాహ్నానికి దావా పడింది.

ఆ అడవి కోర్టుకి న్యాయమూర్తి దంతావధానులు గారు. ఏనుగు. వాదనలు జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని చెవులు విసురుకుంటూ ఉండేవారు. అది నిద్ర కాదనీ, విచారణ అనీ కోర్టు బంట్రోతు తొండ అందరికీ చెబుతూ ఉండేది. దంతావధానులు గారికి పనసపండంటే ప్రాణం. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు. న్యాయమూర్తుల గురించి అలాంటివి అనుకోకూడదు కాబట్టి ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

తొండ పనల్లా కక్షిదారుల పేర్లు మూడుసార్లు పిలవడం, న్యాయమూర్తి ఏమన్నా తల ఊపడం. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. ఈ తొండ ఇంకా ముదరలేదు గానీ ఆశ ఉంది. రంగనాయకులు వాదిస్తుంటే రెప్ప వెయ్యకుండా చూసేది.

"రెండు పక్షాలకీ ఒకరే వకీలా?" అన్నారు దంతావధానులు గారు మొదటిరోజు.

"చిత్తం. పొద్దున ప్రతివాది భద్రయ్య తరఫున నల్లగా ఉంటాను. భోజనాలయ్యాక వాది సీతాలు తరఫున మట్టిరంగులో ఉంటాను. వృత్తిధర్మం తప్పను."

"రంగు మారుస్తున్నంత కాలం కోర్టుకి అభ్యంతరం లేదు."

తొండ తల ఊపింది.

నల్లరంగు వకీలు లేచాడు. "ప్రభూ, ఈ కుందేలుకి మూడే కాళ్ళని నా కక్షిదారు మనవి."

"నాకు నాలుగున్నాయండీ!" అంది సీతాలు.

"ఉంటే ఆధారాలు దాఖలు చెయ్యమనండి."

కాళ్ళ లెక్క తేలడానికి మూడు వాయిదాలు పట్టింది. అక్కడ నిలబడి ఉన్న కుందేలుని చూసి లెక్కపెడితే అయిపోయేదే. కానీ కోర్టు కళ్ళు మూసుకుని విచారిస్తుంది కదా.

ఈలోగా ఒక మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తీర్పు వెలువడేదాకా ఎక్కడివక్కడ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. కొమ్మ కొట్టరాదు. కాయ కోయరాదు. కుందేలు తన గుమ్మం మార్చరాదు, వేరే బొరియ తవ్వరాదు, ఇల్లు విడిచి పోరాదు.

"అయ్యా, కాయ పెరుగుతుందేమోనండీ," అంది సీతాలు.

"ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నాం. అది కాయకి కూడా వర్తిస్తుంది."

కాయకి చదువు రాదు. ఫాల్గుణానికి సొరకాయంత అయింది, చైత్రానికి గుమ్మడికాయంత అయింది. కోర్టు మాట లెక్కచేయనందుకు దాని మీద ధిక్కారం నోటీసు తయారైంది. తొండ కొమ్మెక్కి, అక్కడే కారుతున్న పనసబంకతో నోటీసుని కాయకే అంటించి వచ్చింది. బంక వదలక దానికి రెండు రోజులు కాళ్ళు కొమ్మల మీద అతుక్కుపోతూనే ఉన్నాయి.

"కాయ సరే," అన్నాడు నల్లరంగు వకీలు, "ఉత్తర్వు వచ్చిననాడు వాదికి పిల్లలు నలుగురు. ఇవాళ పదకొండు మంది. ఇది ధిక్కారం కాదా ప్రభూ?"

సీతాలు సిగ్గుతో చెవులు ముఖం మీదికి లాక్కుంది. దంతావధానులు గారు రెండు పక్షాలనీ పెరగవద్దని గట్టిగా మందలించి వాయిదా వేశారు.

నవ్వొస్తుంది గానీ, సీతాలు బతుకు మాత్రం నవ్వేలా లేదు. పదకొండు మంది పిల్లలకీ ఉన్నది ఒక్కటే గుమ్మం. దాని మీద కాయ. "గుమ్మంలో నిలబడకండర్రా! లోపలుంటే లోపలుండండి, బయటుంటే బయటుండండి, మధ్యలో ఉండకండి!" అని పొద్దస్తమానం అరిచీ అరిచీ దాని గొంతు బొంగురుపోయింది. గాలి వీస్తే చాలు, పైకి చూసేది. తనని ఆ ఇంట్లోంచి కదలకుండా కట్టేసింది తను వేసిన దావాయే అని తలుచుకున్నప్పుడల్లా దానికి ఏడుపొచ్చేది.

అవతల భద్రయ్యకీ నిద్ర సరిగా పట్టడం లేదు. కాయ ముదిరిపోయింది, ఇంక పొట్టుకి పనికిరాదు. ఆవపెట్టిన కూర కళ్ళముందు మెదిలినప్పుడల్లా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

వైశాఖంలో కోర్టుకి ఒక సందేహం వచ్చింది. అసలు సరిహద్దు ఎక్కడ? అది కొలవడానికి అప్పన్న అనే పీతని కమీషనరుగా వేశారు. అప్పన్న నిక్కచ్చి మనిషి, లంచం ముట్టడు. ఏటి ఒడ్డున రాయి దగ్గర మొదలుపెట్టి, తిన్నగా నడుచుకుంటూ, వెనకాల గీత గీసుకుంటూ పోయాడు.

పీత తిన్నగా నడిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పీతకి మాత్రం తెలియదు.

గీత పూర్తయ్యాక చూస్తే పనసచెట్టు సీతాలు వైపుకి వచ్చింది. సీతాలు బొరియ భద్రయ్య వైపుకి పోయింది.

"ఇదేమిటండీ, అడ్డంగా గీశారు!" అంది సీతాలు.

"నేను నా జన్మలో అడ్డంగా నడవలేదు," అన్నాడు అప్పన్న రోషంగా. "మీ అడవే వంకరగా ఉంది."

కమీషనరు మాటే ఖరారని కోర్టు చెప్పింది. తొండ తల ఊపింది.

వకీలుకి శ్రమే కలగలేదు. పొద్దుటి వాదన మధ్యాహ్నానికీ, మధ్యాహ్నం వాదన పొద్దుటికీ మార్చుకున్నాడు. ముందుగా సీతాలు దగ్గరికి వచ్చాడు.

"శుభం! చెట్టు మీదే."

"అయితే ఇప్పుడే కాయ కోయించేస్తాను."

"ఎక్కడ నిలబడి కోయిస్తారు? గుమ్మం భద్రయ్యది. పరాయి స్థలంలో కాలు పెట్టినట్టవుతుంది."

"నేను ఉంటున్నదే అక్కడ కదండీ!"

"ఆ మాట పైకనకండి. ఖాళీ చెయ్యమంటాడు."

తరవాత భద్రయ్య దగ్గరికి వెళ్ళాడు. భద్రయ్య చాలాసేపు నెత్తి గోక్కున్నాడు.

"అంటే ఇప్పుడు కాయ నా ఇంటి మీద వేలాడుతోందా?"

"మీ ఇంటి మీదే."

"నా ఇంట్లో ఎవరున్నారు?"

"సీతాలూ, పిల్లలూ."

"పడితే ఎవరి మీద పడుతుంది?"

"ఆ పిల్లల మీదే."

"మరి మధ్యలో నాకు పోయేదేమిటయ్యా?"

"పరువు," అన్నాడు వకీలు.

ఆ సాయంత్రం భద్రయ్య అప్పన్న గీత దాకా వచ్చి నిలబడ్డాడు. ఇవతల సీతాలు నిలబడి ఉంది. మూడు నెలల తరవాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భద్రయ్య చిక్కిపోయాడు. సీతాలు చెవులు వాలిపోయాయి.

"చెల్లెమ్మా, ఆ కాయ..." అన్నాడు భద్రయ్య.

"అన్నయ్యా, ఆ కాయ..." అంది సీతాలు.

"ఆగండాగండి!" అని కొమ్మ మీంచి కేక వినిపించింది. "వాదీ ప్రతివాదీ నేరుగా మాట్లాడుకుంటే దావా పాడైపోతుంది!"

దావా పాడైపోతుందనగానే ఇద్దరూ గతుక్కుమన్నారు. మూడు నెలలు పెంచుకున్నది కదా. తలలు దించుకుని ఎవరి ఇంటికి, అంటే ఇప్పటి లెక్క ప్రకారం ఎదుటివాళ్ళ ఇంటికి, వాళ్ళు వెళ్ళిపోయారు.

జ్యేష్ఠం వచ్చింది. కాయ పండైంది. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ పనస విషయంలో ఆ మాట చెల్లదు. ఆ వాసన బొరియ దాటి, గీత దాటి, ఏరు దాటి, కళ్ళు మూసుకుని విచారణ చేస్తున్న దంతావధానులు గారి తొండంలో దూరింది. ఆయన ఠక్కున కళ్ళు తెరిచారు.

"స్థల పరిశీలన చెయ్యాలి," అన్నారు. "ఇవాళే. తీర్పు కూడా అక్కడే చదువుతాం."

కోర్టు మొత్తం కదిలి సీతాలు వాకిట్లోకి వచ్చింది. ముందు దంతావధానులు గారు, వెనక కేసు కట్ట నెత్తిన పెట్టుకుని తొండ, ఆ వెనక అడ్డంగా అప్పన్న. మిగతా అడవి అంతా తమాషా చూడటానికి వచ్చింది. వకీలు ఎక్కడికీ రానక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాడు. ఈగలు అప్పుడే ముసరడం మొదలుపెట్టాయి. ఆయన నాలుక చాపుతూ, లోపలికి తీసుకుంటూ మంచి హుషారులో ఉన్నాడు.

సాక్ష్యాన్ని దగ్గర నుంచి పరిశీలించాలని దంతావధానులు గారు సరిగ్గా పండు కింద, గుమ్మానికి అడ్డంగా చతికిలబడ్డారు. గుమ్మం పూర్తిగా మూసుకుపోయింది.

"అయ్యా! పిల్లలు లోపలున్నారండీ, పదకొండు మందీ! కాస్త పక్కకి జరగండి బాబూ!" అని సీతాలు గోలపెట్టింది.

"న్యాయమూర్తిని జరగమనకూడదు," అంది తొండ. ఈసారి ఎవరూ అనకుండానే తల ఊపింది.

తీర్పు మొదలైంది. కేసు కట్ట ఆయన ముందే విప్పి ఉంది. "వాదోపవాదాలు విన్నాం. తగాదాకి మూలం ఈ పండు. ఇది ఎవరి చేతిలో ఉన్నా అశాంతే. కాబట్టి దీన్ని కోర్టు తన స్వాధీనంలోకి తీసుకుని, భద్రమైన చోట దాచవలసిందిగా..."

అందరూ ఆయన పొట్టవైపు చూశారు.

వకీలు చాపిన నాలుక చాపినట్టే ఉండిపోయింది. నాలుగు నెలలు, అన్ని వాయిదాలు, రెండు రంగులు, అంతా చేసింది రెండు గడియల ఈగల కోసమా?

"అభ్యంతరం ప్రభూ!" అని అరుస్తూ ఆయన కొమ్మ మీంచి ఒక్క గెంతు గెంతి, పండు తొడిమ మీద నిలబడ్డాడు.

ముగ్గిన తొడిమకి ఆ మాత్రం బరువు చాలు.

పండు దంతావధానులు గారి నడినెత్తిన దబ్బుమని పడింది. అక్కణ్ణుంచి జారి కేసు కట్ట మీద పడి పగిలింది. వకీలు ఎలాగో తొడిమ ముక్క పట్టుకుని కొమ్మకి వేలాడుతున్నాడు. న్యాయమూర్తి కళ్ళు రెండూ రెండు వైపులకి తిరిగాయి, అచ్చం వకీలు కళ్ళలాగే. కాసేపటికి ఆయన తొండం పైకెత్తి ఘీంకరించారు.

"కొట్టెయ్యండి ఆ కొమ్మని!"

"ప్రభూ, ఉన్నవి ఉన్నట్టే ఉండాలని ఉత్తర్వు..." అన్నాడు భద్రయ్య భయభక్తులతో.

"రద్దు!"

"సరిహద్దు సంగతి..." అన్నాడు అప్పన్న.

"కొట్టెయ్యమంటుంటే!"

ఎవరూ కదలకపోయేసరికి ఆయనే లేచి, తొండం చుట్టి, కొమ్మని ఫెళ్ళున విరిచి అవతల పారేశారు. సీతాలు నాలుగు నెలలుగా మొత్తుకుంటున్న పని చిటికెలో అయిపోయింది. కొమ్మతో పాటు వకీలూ, వకీలు ఇల్లూ, ఆఫీసూ నేలమీద పడ్డాయి. ఆయన పడ్డది పనసబంకలో. పసుపురంగుకి మారాడు, వారం రోజుల దాకా ఆ రంగు వదల్లేదు.

దంతావధానులు గారు లేవడంతో గుమ్మం తెరుచుకుంది. పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. సీతాలు లెక్కపెట్టింది. పదకొండు. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. అక్కడే కూలబడి, ఎంతమంది చూస్తున్నా పట్టించుకోకుండా భోరుమని ఏడ్చింది. కోర్టు అడ్డంగా కూర్చోబట్టి గానీ, లేకపోతే ఆ పండు పడవలసింది గుమ్మంలోంచి తొంగిచూసే ఆ బుజ్జి తలల మీదే.

తొండ కేసు కట్టలో ఆకులు విడదీయబోయింది. ఆకుకి ఆకు అంటుకుపోయింది. లాగింది, గీకింది, పళ్ళతో కొరికింది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా జరిగిన విచారణ అంతా ఒక్క ముద్దైపోయింది.

"తెరవడానికి వీల్లేని కేసు మూసేసినట్టే లెక్క," అని దంతావధానులు గారు బొప్పి తడుముకుంటూ ప్రకటించి, సాక్ష్యం పాడైపోకుండా నాలుగు తొనలు నోట్లో వేసుకున్నారు.

జనం వెళ్ళిపోయాక భద్రయ్య ఒక దొప్పనిండా తొనలు పట్టుకుని వచ్చాడు.

"పొట్టు కూర కుదర్లేదు చెల్లెమ్మా. ఈ ఏటికి దీంతో సరిపెట్టుకో. పిక్కలు పారెయ్యకు, వేయించుకుందాం."

"నేనైనా ఆ మర్నాడు మళ్ళీ వచ్చి అడగాల్సింది అన్నయ్యా."

"నేనైనా ఆ సాయంత్రమే కోసెయ్యాల్సింది. నిద్రొచ్చింది."

అప్పన్న గీత మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ అడవిలో భద్రయ్య చెట్టు సీతాలు పేరునా, సీతాలు ఇల్లు భద్రయ్య పేరునా ఉన్నాయి. గీత సరిచేయించుకుంటే మంచిదని సలహా ఇవ్వడానికి రంగనాయకులు ఒకసారి వచ్చాడు. ఇద్దరూ కలిసి పనసపిక్కలతో కొట్టి తరిమారు.

ఇల్లు పోయిన వకీలు తన కొమ్మ తనకి ఇప్పించమని దావా వెయ్యడానికి వకీలు కోసం అడవంతా తిరిగాడు. చివరికి తొండ ఒప్పుకుంది. అప్పటికది బాగా ముదిరింది.

"ఫీజు వద్దులెండి," అంది.

నీతి: న్యాయస్థానం దిక్కులేనివాళ్ళని తప్పక కాపాడుతుంది, కాకపోతే పండు రాలే వేళకి సరిగ్గా దాని కిందే కూర్చుని ఉండాలి.